వైశాఖంలో కృష్ణ ఒడ్డున నాలుగు రోజులు

విజయవాడకు పండగ చూడడానికి వెళుతున్నామంటే దసరాకే అనుకుంటారు ఎవరైనా. మేము బయలుదేరింది వైశాఖంలో, ఎండలు మండిపోతున్న రోజుల్లో. "ఇప్పుడు అక్కడ ఏముంటుంది?" అని పక్కింటివారు అడిగితే అమ్మ పంచాంగం తెచ్చి వేలు పెట్టి చూపించింది. వైశాఖ శుద్ధ చతుర్దశి నృసింహ జయంతి. తెల్లవారితే పౌర్ణమి, బుద్ధ జయంతి. అన్నమాచార్యుల జయంతి కూడా ఆ పౌర్ణమే. చతుర్దశి నాడు మంగళగిరిలో పానకాల స్వామిని, పున్నమి నాడు అమరావతిలోని పాత బౌద్ధ స్తూపం మహాచైత్యాన్ని చూడాలని ఆవిడ ఎన్నాళ్లుగానో అనుకుంటోంది. ఈ రెండు పండగలూ పక్కపక్క తిథుల్లో వస్తాయని, రెండు ఊళ్లూ గంట ప్రయాణంలో ఉన్నాయని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

మొదటి రోజు, త్రయోదశి

విశాఖలో రాత్రి రైలెక్కి తెల్లవారుజామున విజయవాడలో దిగాం. ఇంకా ఆరు కాలేదు, అప్పటికే ప్లాట్‌ఫారం మీద ఉక్కపోత. సత్యనారాయణపురంలో పిన్ని వాళ్లింటికి చేరేసరికి వాకిట్లో ముగ్గు ఇంకా తడిగా ఉంది. "దసరాకు రమ్మంటే రావు, రోళ్లు పగిలే ఎండల్లో వస్తావు అక్కా" అంటూనే పిన్ని ఇద్దరి చేతుల్లోనూ మజ్జిగ గ్లాసులు పెట్టింది. కరివేపాకు నలిపి, అల్లం దంచి వేసిన పల్చటి మజ్జిగ. ఈ నాలుగు రోజుల్లో ఎన్ని చోట్ల ఎన్ని గ్లాసులు తాగామో లెక్కలేదు కానీ, ఆ మొదటి గ్లాసు చల్లదనం ఇంకా గుర్తుంది.

ఎండ ముదరకముందే ఇంద్రకీలాద్రి ఎక్కాం. మామూలు రోజు కావడంతో వరుస చిన్నదే. అమ్మవారి ముందు నిలబడడానికి కాస్త తీరిక దొరికింది. ముక్కుపుడక మీద దీపం వెలుగు పడి మెరవడం, కుంకుమ పూజ చేయించుకుంటున్న వారి గోత్రనామాలు పూజారి చదవడం, నిదానంగా చూశాం, విన్నాం. "దసరా పది రోజుల్లో ఇక్కడ రెండు క్షణాలు నిలబడనిస్తే గొప్ప" అంది పిన్ని. అలా అంటూనే, ఆ పది రోజుల గురించి మెట్లు దిగేదాకా చెబుతూనే ఉంది. రోజుకొక అలంకారం; బాలాత్రిపురసుందరి, గాయత్రి, అన్నపూర్ణ, మహాలక్ష్మి, మహిషాసురమర్దని. మూలా నక్షత్రం నాడు సరస్వతీదేవిగా దర్శనం, ఆ రోజు పుస్తకాలు, కలాలు పట్టుకుని వచ్చే పిల్లలతో కొండ నిండిపోతుంది. విజయదశమి నాడు రాజరాజేశ్వరి. సాయంత్రం దుర్గా ఘాట్ దగ్గర ఉత్సవమూర్తులను హంస వాహనం మీద ఉంచి తెప్పోత్సవం చేస్తారు. నదికి వరద ఉంటే తెప్పను నీటిలో తిప్పరు, ఒడ్డునే పూజలు జరుపుతారు. ఎర్ర వస్త్రాలు కట్టిన భవానీలు దీక్ష విరమణకు ఏటా శీతాకాలంలో వస్తారు. కొండ చుట్టూ ప్రదక్షిణ చేసి ఇరుముడి సమర్పిస్తారు.

నాకు వీటన్నిటికంటే ఆషాఢంలో జరిగే శాకంబరి ఉత్సవం చూడాలనిపించింది. మూడు రోజులపాటు అమ్మవారి అలంకారమంతా కూరగాయలతో, ఆకుకూరలతో, పండ్లతోనే. రైతులు, వ్యాపారులు తెచ్చి ఇచ్చిన వంకాయలు, దొండకాయలు, నిమ్మకాయలు దండలుగా గుచ్చి గర్భగుడి దాకా కడతారు. ఆ కూరలతోనే కదంబం వండి ప్రసాదంగా పెడతారట. పది రోజుల ముందు నుంచే దండలు గుచ్చడానికి ఆడవాళ్లు సేవకు వెళతారని చెబుతూ పిన్ని తన చూపుడు వేలు చూపించింది. నిరుడు బెండకాయలు గుచ్చుతుంటే సూది దిగిన మచ్చ.

మధ్యాహ్నం బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో కాసేపు ఆగాం. మహాత్మాగాంధీ పాల్గొన్న 1921 కాంగ్రెస్ సమావేశాల్లో పింగళి వెంకయ్య జెండా నమూనాను ఆయనకు చూపించిన చోటు ఇదే. లోపల అల్లూరులో దొరికిన తెల్ల సున్నపురాతి బుద్ధుడు నిలబడి ఉన్నాడు. పదహారు, పదిహేడు వందల ఏళ్ల నాటి విగ్రహం. భుజం మీది నుంచి జారే వస్త్రపు మడతలు నీటి అలల్లా ఒకదాని కింద ఒకటి దిగుతాయి. అమ్మ చాలాసేపు ఆ మడతల్నే చూసింది. "కొండ మీద అమ్మవారికి పట్టుచీర, ఈయనకు రాతి చీర" అంది. ఆవిడ ప్రేమగా అన్న ఆ మాట రాసిపెట్టుకోవాలనిపించి అక్కడే చీటీ మీద రాసుకున్నాను.

సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద గాలికి నిలబడ్డాం. తిరిగి వచ్చే దారిలో వీధి మొగలో తాటాకుల పందిరి కింద చలివేంద్రం. తడిగుడ్డ చుట్టిన కుండలు, మూత మీద బోర్లించిన స్టీలు గ్లాసు, నీటిలో వట్టివేళ్ల వాసన. ముసలాయన ఒకరు ముంతతో నీళ్లు ముంచి ఎత్తి పోస్తున్నారు. అమ్మ రెండు దోసిళ్లు తాగి, "వైశాఖంలో నీళ్ల దానం చేస్తే వేరే తీర్థం వెళ్లక్కరలేదు బాబూ" అంది. ఆయన నవ్వి మరో ముంతెడు ముంచారు.

రెండో రోజు, చతుర్దశి: మంగళగిరి

నాలుగు గంటలకే లేచాం. అమ్మ ఉపవాసం. హిరణ్యకశిపుణ్ణి చంపడానికి స్వామి స్తంభం చీల్చుకుని వచ్చింది పగలూ రాత్రీ కాని సంధ్యవేళ కాబట్టి, ఆ వేళ పూజ అయ్యేదాకా పచ్చి మంచినీళ్లైనా ముట్టదు. "ఈ ఎండలో, ఈ వయసులో, మెట్లెక్కి..." అని నేను మొదలుపెడితే, "అరవై ఏళ్లుగా ఉంటున్నాను, ఈ ఏడు కొత్తా?" అని మాట తెంపేసింది.

మంగళగిరి విజయవాడకు పదమూడు కిలోమీటర్లు. ఒకే ఊళ్లో ముగ్గురు నరసింహులు. కొండ దిగువన లక్ష్మీనరసింహస్వామి, కొండ నడుమ పానకాలస్వామి, శిఖరం మీద దీపంగా వెలిగే గండాలయ్య. కష్టాలు గట్టెక్కితే గండాలయ్య దగ్గర దీపం పెట్టిస్తామని మొక్కుకుంటారు. మెట్లకు పక్కగా వాహనాలు వెళ్లే ఘాట్ రోడ్డు ఉంది. అమ్మ మెట్లే ఎక్కింది. పది మెట్లకోసారి ఆగి, కొండ అంచున వెలుగు విచ్చుకోవడం చూస్తూ. దారిలో చైతన్య మహాప్రభువు పాదముద్రల దగ్గర నమస్కరించింది. ఆ మహాభక్తుడు దక్షిణ యాత్రలో ఇక్కడికి వచ్చాడని స్థలపురాణం. మెట్ల వెంట బిందెలు మోసుకుని ఎక్కుతున్నారు జనం. పైనా పానకం కలిపి ఇస్తారు కానీ, ఇంటి నుంచే మోసుకెళ్లాలని మొక్కుకున్నవాళ్లు వీళ్లు. ఒక కొత్త జంట బిందెకు చెరోవైపు పట్టుకుని ఎక్కుతూ, ఒలకకుండా ఒకరి అడుగుకు ఒకరు అడుగు కలుపుతున్నారు.

పానకాల స్వామికి నిలువెత్తు విగ్రహం లేదు. కొండరాతిలో తెరిచిన నోరు ఉంది. దాని చుట్టూ లోహపు ముఖం తొడిగి ఉంటుంది. మా వంతు వచ్చేసరికి అర్చకుడు బిందెలోంచి శంఖంతో పానకం ముంచి ఆ నోట్లో పోస్తున్నారు. గుటక వేసిన చప్పుడు వినిపించింది. ముందు గలగలమని, తర్వాత నెమ్మదిగా, గొంతులో దిగుతున్నట్టే. ఒక శంఖం, మరో శంఖం. వరుసలో వెనకున్నవాళ్లు కూడా మాట ఆపి వింటున్నారు. కాసేపటికి ఆ చప్పుడు ఆగింది. నోటి అంచుదాకా పానకం వచ్చి నిలిచింది. "చాలన్నారు స్వామి" అని అర్చకుడు శంఖం పక్కన పెట్టి, మిగిలింది మా పాత్రలో పోసి ఇచ్చారు. బిందె చిన్నదైనా పెద్దదైనా సగం తాగి సగం భక్తులకే ఇస్తాడని ఇక్కడి నమ్మకం. కృతయుగంలో అమృతం, త్రేతాయుగంలో ఆవునెయ్యి, ద్వాపరంలో పాలు, కలియుగంలో ఈ బెల్లపు నీళ్లు. రోజూ ఇంత బెల్లం ఒలికే చోట చీమలు పట్టవని అక్కడివాళ్లు చెబుతారు. నేను నేలమీద వంగి వెతికాను. కాళ్లకు జిగటగా అంటుకునే ఆ రాతి మీద ఒక్క చీమ నాకు కనబడలేదు. ఈ కొండ ఒకప్పటి అగ్నిపర్వతమని, లోపలి గంధకపు వేడిని పానకం చల్లారుస్తుందని చెప్పేవారూ ఉన్నారు. అమ్మ ఆ మాట విని, "చల్లారేది ఎవరి వేడైనా, దాహం దాహమే కదా" అంది.

ఆవిడ ఆ రోజు గొంతు తడుపుకోలేదు. చేతిలోని పానకం సీసా కొంగులో చుట్టి సంచీలో పెట్టుకుంది. నాకు మాత్రం అక్కడే తాగించింది. మిరియాల ఘాటు ముందు ముక్కుకు తగిలి, తర్వాత యాలకుల వాసన, ఆఖరున బెల్లం. ఇంట్లో శ్రీరామనవమికి చేసుకునేదే. ఎక్కి వచ్చిన దప్పికకు అక్కడ దాని రుచి వేరు.

గుడి వెనక వైపు కొండలో ఒక బిలం ఉంది. దాని గుండా వెళితే ఉండవల్లి గుహల దగ్గర తేలతారని, పూర్వం మునులు ఆ దారిలోనే కృష్ణలో స్నానానికి వెళ్లేవారని చెబుతారు. మధ్యాహ్నం మూడు దాటాక పై గుడి తలుపులు మూసేయడం ఇక్కడి ఆచారం. రాత్రి దేవతలు వచ్చి సేవించుకుంటారట. మనుషులు తమ వంతు ముగించుకుని దిగిపోవాలి.

దిగాక ఎండ నెత్తిన పడింది. దిగువ గుడి ఆవరణలో బండలు కాలిపోతున్నాయి. తడిపిన గోనెపట్టాల మీద అంగలు వేసుకుంటూ మండపంలోకి వెళ్లి కూర్చున్నాం. తూర్పు గాలిగోపురం పదకొండు అంతస్తులు, 153 అడుగులు. తల పూర్తిగా వెనక్కి వాలిస్తేనే కలశాలు కనిపిస్తాయి. వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ కావడంతో ఆకాశంలో నిలబెట్టిన పలకలా ఉంటుంది. రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 1807-09 మధ్య కట్టించాడు. కట్టాక గోపురం ఒక పక్కకు ఒరిగిందని, ఎదురుగా కోనేరు తవ్విస్తే తిరిగి నిలబడిందని ఊరి కథ. ఈ నాయుడుగారి పేరు గుర్తుంచుకోండి, మర్నాడు అమరావతిలో మళ్లీ ఎదురవుతాడు, మరో రకంగా.

ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడు ఈ వీధుల్లో రథం లాగుతారు. చతుర్దశికి కల్యాణం, పౌర్ణమికి రథోత్సవం. తాడు పట్టుకోవడానికి చుట్టుపక్కల ఊళ్లు కదిలి వస్తాయి. మేము మధ్యాహ్నమంతా ఆ వీధుల్లోనే నీడ వెతుక్కుంటూ తిరిగాం. ఒక ఇంటి అరుగు మీద కూర్చోమని చాప వేసింది ఒకావిడ. లోపల గుంట మగ్గం. ఆమె భర్త కాళ్లు గుంటలో పెట్టుకుని నేస్తున్నారు, పాదాల కింద తొక్కుడు చెక్కలు ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్నాయి. మంగళగిరి చీర ఒంట్లో పువ్వులు, బుటాలు ఉండవు. సాదా నేత, అంచున నిజాం కోణాలు. పండగ రోజు కూడా మగ్గం ఆడుతోందేమని అమ్మ అడిగితే, "సాయంత్రం దింపేస్తానమ్మా, స్వామికి ముందు పని, తర్వాత దండం" అన్నారు. అమ్మ ఒక ఆకుపచ్చ చీర తీసుకుంది. బేరం ఆడలేదు. ఆవిడ బేరం ఆడకుండా చీర కొనడం నేను చూడడం అదే మొదలు.

సంధ్యవేళ దిగువ గుడిలో అభిషేకం. మేళం గట్టిగా మోగుతోంది. మాకు ముందు వరుసలో చంటివాణ్ణి భుజాన వేసుకున్న ఒక తండ్రి మండప స్తంభాన్ని తాకించి, "ఇందులోనూ ఉన్నాడు" అని చెబుతున్నాడు. హారతి వెలగగానే అమ్మ సంచీలోంచి సీసా తీసింది. పొద్దున్నించి ఎండలో తిరిగి గోరువెచ్చగా అయిన పానకం. ఒక్క గుక్క తాగి, కళ్లు మూసుకుని కూర్చుంది. తర్వాత పక్కనున్నవారి దోసిళ్లలో పోస్తూ పోయింది. అడిగినవారికీ, అడగనివారికీ. సీసాలో నాలుగు వేళ్ల ఎత్తు మిగిలాక మూత పెట్టేసింది.

మూడో రోజు, పౌర్ణమి: అమరావతి

విజయవాడ నుంచి కృష్ణ వెంట నలభై కిలోమీటర్లు. బస్సులో సగం మంది అమరేశ్వరుడి అభిషేకానికి వెళుతున్నవారు. మిగతా సగం మంది తెల్లబట్టలు కట్టుకున్న కుటుంబాలు, పిల్లల చేతుల్లో బౌద్ధ జెండాలు. నీలం, పసుపు, ఎరుపు, తెలుపు, కాషాయం పట్టీల ఈ జెండాను సింహళంలో 1885 వైశాఖ పున్నమి నాడే మొదట ఎగరేశారు. మా పక్క సీటులోని పెద్దాయన గుంటూరు వైపు నుంచి ఏటా వస్తారట. "మా నాన్నగారి తరం నుంచి మాకు రెండు పండగలమ్మా. ఈ పున్నమి ఒకటి, విజయదశమి ఒకటి" అన్నారు. అంబేడ్కర్ నాగపూర్‌లో లక్షలాది మందితో బౌద్ధం స్వీకరించింది 1956 అక్టోబరు 14న. ఆ రోజు విజయదశమి. ఇంద్రకీలాద్రి మీద రాజరాజేశ్వరికి హారతులిచ్చే నాడే ఈ పెద్దాయన ఇంట్లో బౌద్ధుల అయిదు నియమాలు, పంచశీల, చదువుకుంటారు. అమ్మకు ఈ సంగతి కొత్త. దిగేదాకా ఆయన్ని అడుగుతూనే ఉంది, పంచశీలలో ఏమేముంటాయని, ఆ రోజు ఏం వండుకుంటారని. "పాయసం" అన్నారాయన. "సుజాత బుద్ధుడికి పెట్టిందదే కదా."

ముందు అమరేశ్వరాలయం. పంచారామాల్లో ఇది అమరారామం. లింగం సుమారు పదిహేను అడుగుల తెల్లరాయి. కింద నిలబడితే శిరస్సు అందదు, అర్చకులు పై అంతస్తు నుంచి అభిషేకం చేస్తారు. నీళ్లు, పాలు ఆ ఎత్తు నుంచి తెల్లటి రాతి వెంట జారుతుంటే కింద నిలబడి చూడడం ఒక అనుభవం. లింగం పెరిగిపోతుంటే శిరస్సున మేకు కొట్టారని, అక్కడ రక్తం చిందిందని కథ. ఎర్రటి మరకను చూపిస్తారు.

నేను వచ్చింది ముఖ్యంగా ఈ గుడిలోని శాసనాల కోసం. స్తంభం మీద అక్షరాలు నాకు చదవడం రాదు, కానీ అందులో ఏముందో తెలిసి వెళ్లాను. ఇక్కడ పాలించిన కోట వంశపు రాజు కేతరాజు 1182లో వేయించిన శాసనం అది. ధాన్యకటకంలో, అంటే పాత పేరుతో ఈ ఊళ్లోనే, అమరేశ్వరుడు ఉన్నాడని చెబుతూనే, ఆ పక్కనే ఎత్తైన బుద్ధ చైత్యం ఉందని చెబుతుంది. శివుడి గుడి స్తంభం మీద, బుద్ధుడి ముందు ఆరకుండా వెలిగే దీపాలకు చేసిన దానాలు రాసి ఉన్నాయి. అప్పటికి చైత్యం వయసు పదమూడు వందల ఏళ్లు దాటింది. 1344లో కూడా సింహళపు భిక్షువు ధర్మకీర్తి ఇక్కడ ఆలయాన్ని బాగు చేయించాడని అక్కడి గడలాదెణియ శాసనం చెబుతుంది. రాతిమీద చేయి వేసి, కోట రాజుకు నమస్కరించాను. పండగలు చూడడానికి వచ్చే ప్రతివాళ్లకూ ఈ స్తంభం చూపించి, ఈ కథ చెప్పే మనిషి ఒకరు అక్కడ ఉండాలని నాకు బలంగా అనిపించింది.

అక్కడి నుంచి మహాచైత్యానికి నడిచే దూరమే. చూడగానే అమ్మ ముఖం చిన్నబోయింది. పచ్చిక నడుమ గుండ్రంగా, ఒక మనిషి ఎత్తు కూడా లేని దిబ్బ, చుట్టూ తిరిగి నిలబెట్టిన కొన్ని రాళ్లు. "ఇంతేనా?" అంది. ఇంతే మిగిలింది. ఒకప్పుడు సుమారు యాభై మీటర్ల వ్యాసంతో తెల్ల సున్నపురాయి పొదిగి మెరిసిన గుమ్మటం ఇది. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం నాటి నుంచి పెరుగుతూ వచ్చి, శాతవాహనుల కాలంలో పూర్తి వైభవం చూసింది. ఆ తర్వాత మట్టి కప్పుకున్న దిబ్బను ఊరివాళ్లు దీపాలదిన్నె అన్నారు. ఎవరి చైత్యమో మరిచిపోయారు, దీపాలను మాత్రం పేరులో దాచుకున్నారు.

నిన్నటి గాలిగోపురం కట్టించిన వెంకటాద్రినాయుడు తన రాజధానిని చింతపల్లి నుంచి ఇక్కడికి మార్చుకున్నాడు. కొత్త ఊరికి ఇటుకలు, రాళ్లు కావాలి. పనివాళ్లు దీపాలదిన్నె తవ్వారు. సంగతి విని ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేశారు. చెక్కిన పలకలు కొన్ని గోడల్లోకి, మెట్లలోకి పోయాయి, కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. మిగిలినవి తర్వాత ఎక్కువగా మద్రాసు మ్యూజియానికి, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. నాయుణ్ణి తిట్టబుద్ధి కాలేదు నాకు. అమరేశ్వరుడి గుడిని బాగు చేయించిందీ ఆయనే. ఒక భక్తి మరో భక్తిని గుర్తుపట్టని కాలం అది. బాధ మాత్రం వేసింది. కేతరాజుకు తెలిసినది ఆరు వందల ఏళ్ల తర్వాత వచ్చిన ఆయనకు చెప్పేవాళ్లు లేకపోయారు.

దిబ్బ చుట్టూ తెల్లబట్టల కుటుంబాలు ప్రదక్షిణ చేస్తున్నాయి. "బుద్ధం శరణం గచ్ఛామి" అని ఒక బాలిక ముందు అంటే వెనక ఇరవై గొంతులు అందుకుంటున్నాయి. అమ్మ చెప్పులు వదిలి ఆ వరుసలో కలిసింది. కాలుతున్న రాళ్ల మీద పూర్తిగా మూడు చుట్లు. బస్సులో కలిసిన పెద్దాయన కూతురు అమ్మ నెత్తిన గొడుగు పట్టి వెంట నడిచింది.

మ్యూజియంలో చల్లగా ఉంది. తొలినాటి శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. ఖాళీ ఆసనం, బోధివృక్షం, పాదముద్రలు, ధర్మచక్రం. ఖాళీ ఆసనం ముందు వంగి నమస్కరిస్తున్న స్త్రీల వీపులు చెక్కిన తీరు చూస్తే అక్కడ కూర్చున్నవారు మనకూ కనిపిస్తారు. పూర్ణకుంభం చెక్కిన పలక దగ్గర ఎక్కువసేపు ఆగాను. గుండ్రటి కుండ, మెడకు చుట్టిన దండ, అంచు మీది నుంచి పొంగి వస్తున్న తామరలు. కొన్ని మొగ్గలు, కొన్ని విచ్చినవి, ఒకటి కాడ వంగి కిందికి వాలింది. రేకుల మీది ఈనెలు కూడా చెక్కారు. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉన్న పూర్ణఘటం ఈ అమరావతి కుండే. మొన్న వీధి మొగలో తడిగుడ్డ చుట్టి ఉన్న కుండ ఆకారమూ ఇదే కదా అనిపించింది. తెలుగు మాటల్లో అతి పాతదని పండితులు చెప్పే "నాగబు" దొరికింది కూడా ఈ ఊరి రాతి మీదే.

టిబెట్ వారి సంప్రదాయంలో బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించింది ధాన్యకటకంలోనే. అందుకే దలైలామా 2006 జనవరిలో ఇక్కడ ఆ కాలచక్ర దీక్షా కార్యక్రమం నిర్వహించారు. ఆ రోజుల్లో ఊరంతా ఎర్ర కాషాయాల భిక్షువులేనని, టిబెట్ తల్లులు తమ ఇంటి అరుగుల మీద పడుకున్నారని టీ కొట్టు ఆయన చెప్పారు. ఎండ వాలాక 125 అడుగుల ధ్యానబుద్ధుడి దగ్గరికి వెళ్లాం. మెట్ల మీద పాయసం పంచుతున్నారు. గిన్నెలో పెట్టిన ఆవిడ, "ఇంకొంచెం" అని అడగకుండానే వేసింది.

చైత్యం దగ్గర దీపం పెట్టాలని అమ్మ కోరిక. రక్షిత కట్టడం, సాయంత్రానికి మూసేస్తారు. మట్టి ప్రమిద, ఒత్తులు, నువ్వుల నూనె చిన్న సీసా ఇంటి నుంచే తెచ్చుకుంది, నాకు చెప్పకుండా. చివరికి కృష్ణ రేవుకు వెళ్లాం. నీరు మెట్లకు దూరంగా ఉంది, ఇసుకలో నడిచి వెళ్లాలి. పున్నమి చంద్రుడు అవతలి గట్టు మీద ఎర్రగా లేచి, చూస్తుండగానే తెల్లబడ్డాడు. అమ్మ ప్రమిద నది వైపు పెట్టలేదు. వెనక్కి తిరిగి, చైత్యం ఎటు ఉందో నన్ను అడిగి, అటువైపు పెట్టి వెలిగించింది. గాలికి రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి కొంగు అడ్డం పెట్టి, నూనె అయిపోయేదాకా అక్కడే కూర్చుంది. గుడిలోంచి అమరేశ్వరుడి ప్రదోషపు గంటలు వినిపిస్తున్నాయి.

రాత్రి పిన్ని ఇంటికి చేరేసరికి పక్క వాటా వాళ్ల హాల్లో అన్నమయ్య జయంతి జరుగుతోంది. 1408లో తాళ్లపాకలో పుట్టిన ఆ మహాకవికి ఇక్కడ ఆరుగురు ఆడవాళ్లు, ఒక శ్రుతిపెట్టె. అమ్మ అలసిపోయి గోడకు చేరగిలబడి నిద్రపోయింది, చేతులు మాత్రం కాసేపు తాళం వేస్తూనే ఉన్నాయి.

నాలుగో రోజు, పాడ్యమి

భట్టిప్రోలు వెళ్లాలనుకున్నాం. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపాన్ని తవ్వినప్పుడు ధాతుకరండాలు (పవిత్ర అవశేషాలు దాచే భరిణెలు), వాటి మీద భట్టిప్రోలు లిపిగా పేరుపడిన అక్షరాలు బయటపడ్డాయి. తెలుగు లిపి పుట్టుకను వెతికేవారందరూ అక్కడికి వెళ్లాల్సిందే. అమ్మ కాళ్లు వాచాయి. నేను ఒక్కదాన్ని వెళ్లనంది మనసు. ఆ ఊరు ఇంకోసారికి మిగిలింది.

దగ్గరే కదా అని ఉండవల్లి వెళ్లాం, ఆటోలో, పొద్దున్నే. కొండను ముందు నుంచి తొలిచిన నాలుగు అంతస్తులు. బయట చూరు మీద కూర్చున్న మునులు, పొలాల వైపు చూస్తున్నారు. పైన అనంతపద్మనాభుడు కొండరాతిలోనే పడుకుని ఉన్నాడు, ఇరవై అడుగుల నిడివి. మొదట ఇవి బౌద్ధ భిక్షువుల గుహలని, తర్వాత వైష్ణవాలయం అయ్యాయని అంటారు. అమ్మ కింది మెట్టు మీదే కూర్చుని, "మునులు వచ్చే బిలం ఎటువైపు?" అని అడిగింది. కాపలా ఉన్నాయన చేతితో మంగళగిరి వైపు చూపించారు. కాస్త ఎండ పొరలో ఆ కొండ కనిపిస్తోంది.

మధ్యాహ్నం రైలు. పిన్ని కట్టిచ్చిన పులిహోర, నాలుగు ముంజెకాయలు, బంగినపల్లి పండ్ల బుట్ట. ఏలూరు దాటాక ఎదురు బెర్తులో ఒక చిన్నపిల్ల ఎండకు సొమ్మసిల్లినట్టు తల్లి ఒళ్లో వాలిపోయింది, వాళ్ల నీళ్ల సీసా ఖాళీ. నేను మా నీళ్లు ఇచ్చాను. అమ్మ సంచీలో వెతికి, చతుర్దశి నాటి సీసా తీసి వాసన చూసింది. "పులవలేదు, మిరియాలు వేశారుగా" అంటూ మూతలో పోసి ఆ పిల్ల నోటికి అందించింది. పిల్ల మొహం చిట్లించి, మిరియపు పలుకు నాలుక మీద పెట్టుకుని చూపించి, "ఇంకా" అంది.